2090 నాటి నల్గొండ బరి: ఫైటర్ల కథలో కుట్రను నమ్మేటట్టు రాయడం ఎట్లా?

మిర్యాలగూడ నుంచి ఒక కొత్త రచయిత అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. కథాకాలం 2090. నాగార్జునసాగర్ ఒడ్డున పెద్ద బరి. యంత్ర కవచాలు తొడుక్కొని కొట్లాడే ఫైటర్లు, వాళ్లను నడిపే ఒక కంపెనీ, ఆ కంపెనీ వెనక ఒక కుట్ర. హీరో నర్సింహ కంపెనీకీ సొంత ఊరికీ మధ్య నలిగిపోవాలి. పది భాగాలు రాశారు. చదివినవాళ్లు మాత్రం "ఫైట్లు మంచిగున్నయి గానీ కుట్ర నమ్మబుద్ధి అయితలేదు, వీడు ఎందుకు ఊగిసలాడుతున్నడో సమజ్ అయితలేదు" అంటున్నారు. ఏం మార్చాలి?

సూటి జవాబు: విలన్‌ను ఇంకా పెంచకండి, బాకీల లెక్క రాయండి. నర్సింహ ఎవరికి ఏం బాకీ ఉన్నాడో, ఆ బాకీని ఎవరు ఏ రోజు అడగబోతున్నారో పాఠకుడికి ముందే తెలియాలి. రెండు బాకీలు ఒకే రాత్రి మీద పడితే మనసు దానంతట అదే చీలుతుంది. "అతని గుండె రెండు ముక్కలైంది" అని మీరు రాసే పని ఉండదు. ఇక కుట్ర ఎంత పెద్ద ఆఫీసులో పుట్టినా, జరిగేది ఒక చిన్న జీతగాడి చేతి మీదుగానే. చేతులకు పట్టీలు కట్టేవాడు, చల్లనీళ్ల గొట్టం బిగించేవాడు, ఊరికి నీళ్ల వాల్వు తిప్పేవాడు. మీరు పెట్టిన కథాసారంలో కంపెనీ చైర్మన్ ఏడు సార్లు మాట్లాడాడు, ఆ చేయి ఒక్కసారి కూడా కనబడలేదు. పాఠకులకు నమ్మకం కుదరనిది అక్కడే.

మీ కంపెనీని ఇప్పుడున్న రూపంలో వదిలేయండి. గాజు మేడలు, నల్లకోట్లు, తెర మీద మాట్లాడే చైర్మన్ ఏ దేశం కథలోనైనా ఉంటారు. మన దగ్గర మనుషులను కట్టిపడేసే పద్ధతి ఒకటి తరతరాలుగా ఉంది: పాలమూరు గుంపు మేస్త్రీ, అంటే కూలీల గుంపును కుదిర్చి దూరపు పనులకు తీసుకుపోయేవాడు. సీజన్‌కు ముందు ఇంటికొచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. బిడ్డ పెండ్లో, బోరు అప్పో ఆ పైసలతో తీరుతుంది. గుంపు లారీ ఎక్కి దూరం పోతుంది, ముసలోళ్లు, పిల్లలు ఊర్లో ఉంటారు. లెక్క చివర్లో తేలుతుంది, తేలకపోతే వచ్చే సీజన్‌కు బదిలీ అవుతుంది. మేస్త్రీ కూడా అదే ఊరివాడు, చాలాసార్లు బంధువే. పైన కాంట్రాక్టరుకు అతను బాకీ, కింద గుంపు అతనికి బాకీ. 1976 చట్టం వెట్టిని, కట్టుబానిసతనాన్ని రద్దు చేసింది. అడ్వాన్సు కింద మనిషిని పట్టి ఉంచడం మాత్రం వేషాలు మార్చుకుంటూ బతికింది.

మీ 2090 బరికి ఇదే పునాది కావాలి. ఫైటర్‌ను తెచ్చేది కంపెనీ కాదు, ఊరి మేస్త్రీ. అతణ్ని "బావ" అనో "పెద్దబాపు" అనో పిలుస్తారు. ఇప్పుడు నర్సింహ ఎదురు తిరిగితే దెబ్బ పడేది ఎవరో తెలియని చైర్మన్‌కు కాదు, చిన్నప్పుడు జాతరలో తనను భుజాన ఎక్కించుకున్న మనిషికి. కథ అప్పుడు బరువెక్కుతుంది.

బాకీల పట్టీ ఎట్లా రాయాలంటే. ఒక పెద్ద కాగితం తీసుకొని ఐదు గడులు గీయండి: ఎవరికి బాకీ, ఏం బాకీ, కాగితం ఉందా లేదా, ఇంకెవరికి తెలుసు, ఎప్పుడు అడుగుతారు. ప్రధాన పాత్రలు ఆరుగురు ఉంటే ఒక్కొక్కరికి మూడు బాకీలు చాలు. ఐదు దాటితే పాఠకుడికి గుర్తుండవు. నర్సింహ విషయంలో ఉదాహరణకు:

మేస్త్రీకి 18 లక్షల అడ్వాన్సు. కాగితం ఉంది, ఊరంతటికీ తెలుసు. తాలీంలో, అంటే కుస్తీ నేర్పే చోట, పన్నెండేండ్లు అన్నం పెట్టిన ఉస్తాద్‌కు బాకీ. కాగితం లేదు, అడగడని అందరూ అనుకుంటారు. చెల్లె తన పేరు మీది రెండెకరాలు అమ్మి అతని మోకాలికి ఆపరేషన్ చేయించింది. ఆ సంగతి నర్సింహకే తెలియదు.

మూడో బాకీ సంగతి గమనించండి. హీరోకు తెలియకుండా పాఠకుడికి తెలిసిన బాకీ ఒక్కటి ఉంటే చాలు, ప్రతి సన్నివేశం కింద ఒక నిప్పు రగులుతూనే ఉంటుంది. రాసేటప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన గడి "ఎప్పుడు అడుగుతారు" అన్నది. చాలామంది దీన్ని ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు అవసరం పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి బెదిరించినట్టు ఉంటుంది. తేదీలు ముందే వేసుకొని, ఏ రెండు తేదీలు ఢీకొంటాయో చూడండి. ఢీకొన్న రాత్రే మీ కథకు కీలక ఘట్టం.

మనిషి ఒంటికి వెలకట్టి బరిలోకి దింపే పద్ధతి రోమన్ గ్లాడియేటర్ల కాలం నుంచీ ఉన్నదే. రెండో శతాబ్దపు రోమన్ న్యాయవేత్త గైయస్ ఒక ఒప్పందాన్ని చర్చించాడు. గ్లాడియేటర్ చెక్కుచెదరకుండా బయటికొస్తే అతని చెమటకు 20 దెనారీలు (రోమన్ వెండి నాణేలు), చచ్చినా అవిటివాడైనా 1000 దెనారీలు. ఆయన వేసుకున్న ప్రశ్న, ఇది అద్దెనా అమ్మకమా అని. క్షేమంగా వస్తే అద్దె, రాకపోతే అమ్మకం అని తేల్చాడు. మీ కంపెనీ కాగితంలో ఈ ఒక్క షరతు పెట్టండి. నర్సింహ బతికితే మేస్త్రీకి అద్దె ముడుతుంది, చస్తే యాభై రెట్లు. ఇక మేస్త్రీ చెడ్డవాడు కానక్కర్లేదు. మంచివాడే, అప్పుల్లో ఉన్న మంచివాడు. నర్సింహ బరిలోకి నడిచి పోతుంటే అతను ఎటు చూస్తాడో అదొక్కటి రాయండి.

రోమ్‌లో బరిలో చేరేవాడు ఒక ప్రమాణం చేసేవాడు: కాల్చినా, కట్టేసినా, కొట్టినా, కత్తితో చంపినా ఓర్చుకుంటానని. స్వేచ్ఛాపరులు కూడా అప్పుల వల్లనో పేరు కోసమో అట్లా ఒట్టు పెట్టుకొని చేరినవాళ్లున్నారు. మీ ఫైటర్లందరినీ బలవంతాన పట్టుకొచ్చినట్టు రాశారు. ఇద్దరినైనా ఇష్టపడి వచ్చినవాళ్లుగా మార్చండి. ఇష్టపడి వచ్చినవాడు తప్పించుకోవాలనుకున్నప్పుడే సంఘర్షణ. పట్టుకొచ్చినవాడు పారిపోతే అది మామూలు సంగతి.

కుట్ర ఎంతమందికి తెలియాలి? ముగ్గురికి. మీ కథలో పదిహేను మందికి తెలుసు, అయినా పది భాగాల దాకా బయటపడలేదు. అది ఎవరూ నమ్మరు. క్రీ.పూ. 73లో కాపువా శిక్షణశాల నుంచి స్పార్టకస్ బృందం తప్పించుకున్నప్పుడు దాదాపు 200 మంది పథకం వేసుకున్నారని, ఎవరో ఉప్పందించడంతో ముందే పసిగట్టిన 78 మంది మాత్రమే వంటింటి కత్తులు, ఇనుప చువ్వలు పట్టుకొని బయటపడ్డారని ప్లూటార్క్ రాశాడు. రెండు వందల మందికి తెలిసిన రహస్యం నిలవదు. ముగ్గురిలో ఒకడు పైవాడు, ఒకడు నడిమివాడు, ఒకడు చేత్తో పని చేసేవాడు. మూడో మనిషికి మొత్తం తెలియకూడదు, తన ముక్క మాత్రమే తెలియాలి. "ఈ క్లిప్పు అర చుట్టు ఎక్కువ తిప్పు, నీ బాకీ కొట్టేస్త" అన్నంత వరకే.

ఇప్పుడు ఆ క్లిప్పు సంగతి వివరంగా చెప్తాను. మీ కథకు చాలా పనికొచ్చేది ఇదే.

యంత్ర కవచం అనగానే అందరూ బ్యాటరీ గురించి ఆలోచిస్తారు. లెక్క వేస్తే బ్యాటరీ పెద్ద సమస్య కాదు. మూడు నిమిషాల రౌండ్లు పన్నెండు, అంటే 36 నిమిషాల కొట్లాట. కవచం సగటున 1000 వాట్లు తిన్నా 600 వాట్-అవర్లు. ఇప్పటి లిథియం సెల్లులే కిలోకు దాదాపు 250 ఇస్తాయి, అంటే రెండున్నర కిలోలు చాలు. అసలు శత్రువు వేడి. గట్టిగా కొట్లాడే మనిషి ఒళ్లు దాదాపు 1000 వాట్ల వేడిని పుట్టిస్తుంది. బయట ఆ వేడిని చెమట తీసుకుపోతుంది. మూసిన కవచంలో చెమట ఆరదు. నల్గొండ మే నెలలో గాలే 44, 45 డిగ్రీలుంటే, గాలి నుంచి వేడి ఒంట్లోకి వస్తుందే తప్ప పోదు. 70 కిలోల మనిషి ఒళ్లు ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 245 కిలోజౌళ్లు కావాలి. సెకనుకు ఒక కిలోజౌల్ చొప్పున పుడుతుంటే, చల్లబరిచేది ఏమీ లేకపోతే నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. 37 నుంచి 40 దాకా పన్నెండు నిమిషాలు, అంటే నాలుగు రౌండ్లు.

అందుకే కవచం లోపల ఒంటిని అంటిపెట్టుకొని సన్నటి నీటి గొట్టాలు ఉండాలి. నీళ్లు ఒంటి నుంచి పది డిగ్రీల వేడి పుచ్చుకొని బయటికి పోతాయనుకుంటే, 1000 వాట్లను తీసెయ్యడానికి నిమిషానికి దాదాపు ఒకటిన్నర లీటరు తిరగాలి. ఇప్పుడు నడుము వెనక గొట్టం కలిసే చోట క్లిప్పును అర చుట్టు ఎక్కువ బిగించి, ప్రవాహాన్ని మూడో వంతుకు తగ్గించారనుకోండి. నిమిషానికి అర లీటరే. ఒంట్లో 670 వాట్ల వేడి మిగులుతుంది, డిగ్రీకి ఆరు నిమిషాలు. నలబై దాకా పోవడానికి పద్దెనిమిది నిమిషాలు, ఆరు రౌండ్లు. మధ్యలో నిమిషం విరామం కొంత ఊరటనిస్తుంది కాబట్టి ఏడో రౌండ్ అనుకోండి. కొట్లాట గట్టిగా నడిస్తే ముందుకు జరుగుతుంది, నెమ్మదిగా నడిస్తే వెనక్కి.

ఎంత బిగిస్తే ఏ రౌండ్‌లో పడతాడో లెక్కగట్టవచ్చన్నమాట. పందెం కాసేవాడికి కావలసింది ఇదే. నర్సింహకు లంచం ఇవ్వలేదు, అతనికేం తెలియదు, నిజాయితీగా కొట్లాడుతూనే ఓడిపోతాడు. కింద పడే ముందు ఏం కనబడాలి? వడదెబ్బ తలకెక్కిన మనిషికి ముందు మాట తడబడుతుంది, అడుగు తప్పుతుంది, గంట కొట్టినాక తన మూల కాకుండా ఎదుటివాడి మూలకు నడుస్తాడు. రెఫరీ దాన్ని దెబ్బల వల్ల అనుకుంటాడు. జనం "పైల్వాన్ అలిసిపోయిండు" అంటారు. తెల్లారి కవచం విప్పిన ఉస్తాద్ వేలికి గొట్టం మీద గోరు వెడల్పున తెల్లటి మడత గీత తగులుతుంది. కొన్ని రకాల ప్లాస్టిక్ గొట్టాలు ఒకసారి నొక్కుకుపోతే ఆ తెల్లదనం సులువుగా పోదు. సాక్ష్యం ఆ గీతే. ఫోన్‌లో రహస్యంగా విన్న మాటలు, మరిచిపోయి టేబుల్ మీద వదిలిన ఫైలు, ఇవి మీ కథలో మూడు చోట్ల ఉన్నాయి. మూడూ తీసేసి ఈ గీతను పెట్టుకోండి.

కవచం లేని కొట్లాటలు కూడా పెడుతున్నారు కాబట్టి చేతి పట్టీల సంగతి. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో పట్టీ కట్టేటప్పుడు ఎదుటి శిబిరం మనిషి పక్కన నిలబడి చూస్తాడు. కట్టినాక అధికారి దాని మీద సంతకం చేస్తాడు. ఈ నియమాల వెనక రక్తం ఉంది. 1983 జూన్ 16న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పది రౌండ్ల పోటీ ముగిశాక, ఓడిన కుర్రాడి తండ్రి గెలిచినవాడితో చేయి కలిపాడు. గ్లవ్‌లో మెత్తదనం లేదని ఆ చేతికే తెలిసింది. లోపలి మెత్తను కొంత తీసేశారు. కుర్రాడి కండ్లు దెబ్బతిన్నాయి, మళ్లీ బరిలోకి దిగలేదు. గెలిచిన బాక్సర్, అతని ట్రైనర్ ఇద్దరూ జైలుకు పోయారు. కుట్ర బయటపడింది కెమెరాతో కాదు, కరచాలనంతో. మీ 2090లో ఎన్ని సెన్సర్లున్నా పట్టుకునేది మనిషి చేయి అయితేనే బాగుంటుంది.

జడ్జీల ద్వారా నడిపించే కుట్ర కావాలంటే అంకెలు సరిగ్గా వేసుకోండి. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి మామూలుగా 9. పన్నెండు రౌండ్లలో ఏడు గెలిస్తే 115–113. ఏడింటిలో ఒక్క రౌండ్ అటు మారిస్తే 114–114, సమానం. రెండు మారిస్తే ఫలితమే తిరగబడుతుంది. జడ్జీలు ముగ్గురు కాబట్టి ఇద్దరిని కొనాలి. మీరు రాసినట్టు ఒక్క జడ్జిని కొంటే ఏమీ కాదు. అసలైన అదుపు మాత్రం ఎవరితో ఎవరికి పోటీ అని జోడీలు కలిపేవాడి చేతిలో ఉంటుంది. దెబ్బ మానని ఫైటర్‌ను తాజా ఫైటర్‌తో కలిపితే బరిలో ఎవరూ అబద్ధం ఆడనక్కర్లేదు.

నల్గొండకే చెందిన సాక్ష్యం ఒకటుంది: పళ్లు. దీన్ని వాడనందుకు బాధేసింది, మీది ఆ జిల్లానే కదా. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్లు తాగి పెరిగిన తరాలకు అది ఎన్నోరెట్లు అందింది. వంకరపోయిన కాళ్లు, వంగిన నడుములు చూడని ఇల్లు లేదు ఆ ఊర్లలో. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీళ్లను బాగుచేసే పద్ధతికి "నల్గొండ టెక్నిక్" అని జిల్లా పేరే పడింది. మన జిల్లాకు దక్కిన ఖ్యాతి అట్లాంటిది.

కథకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, పళ్ల మీద గోధుమరంగు చారలు పడేది పంటి పైపూత తయారయ్యే వయసులోనే, అంటే ఎనిమిదేండ్ల లోపు. పెద్దయ్యాక ఎంత ఫ్లోరైడ్ నీళ్లు తాగినా పళ్లకు ఆ చార రాదు, ఎముకలకు పడుతుంది. అంటే మనిషి చిన్నతనం ఏ నీళ్ల మీద గడిచిందో నోరు తెరిస్తే తెలుస్తుంది. కంపెనీ తన స్టార్ ఫైటర్‌ను "సింగపూర్‌లో పుట్టి పెరిగినవాడు" అని ప్రచారం చేస్తుంటే, మౌత్‌గార్డ్ తీసినప్పుడు నర్సింహకు ఆ చారలు కనబడ్డాయనుకోండి. తన పళ్ల మీద ఉన్న చారలే. బరి మధ్యలో, గంట కొట్టడానికి ముందు. ఎదుటివాడు తన వాడేనని అప్పుడు తెలుస్తుంది, ఒక్క మాట లేకుండా.

దీన్ని ఇంకొంచెం ముందుకు నడపవచ్చు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసుకున్న మిషన్ భగీరథతో కృష్ణ నీళ్లు ఆ ఊర్లకు వచ్చాయి. నది నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లు తెల్లగా ఉండాలి. అట్లాంటప్పుడు 2090లో పదేండ్ల పోరని పళ్ల మీద మళ్లీ చారలు కనబడితే అర్థం ఒకటే: ఆ ఊరికి కృష్ణ నీళ్లు ఎవరో బంద్ పెట్టారు, జనం మళ్లీ బోరు తాగుతున్నారు. ఎందుకు? కవచాలను చల్లబరచడానికి, బరిని నడపడానికి కంపెనీకి నీళ్లు కావాలి కాబట్టి. మీ కుట్ర ఇదీ. ప్రపంచాన్ని ఏలాలనే పథకం కన్నా ఒక ఊరి నల్లా బంద్ పెట్టిన పథకం మన పాఠకుడికి వెయ్యిరెట్లు ఎక్కువ తగులుతుంది. నర్సింహ నడుము వెనక గొట్టంలో తిరుగుతున్న చల్లనీళ్లు తన మేనల్లుడి గొంతులోకి పోవాల్సినవి. కంపెనీకీ ఊరికీ మధ్య నలిగిపోవడం అన్నారే, అది ఇప్పుడు అతని ఒంటికే అంటుకొని ఉంది.

ఒక జాగ్రత్త. ఫ్లోరోసిస్‌ను, అంటే ఈ ఫ్లోరైడ్ జబ్బును, ఫైటర్‌కు బలమన్నట్టు చూపించకండి. ఎక్స్‌రేలో ఎముక చిక్కగా కనబడుతుంది, అది చూసి కొందరు "ఉక్కు ఎముకల ఫైటర్" అని రాసేస్తారు. నిజానికి ఆ ఎముక పెళుసు. కీళ్ల దగ్గర ఎముకలను కట్టి ఉంచే స్నాయువులు గట్టిపడి మెడ తిరగదు, నడుము వంగదు. మెడ ఎడమకు తిరగని ఫైటర్‌కు ఆ వైపు నుంచి వచ్చే హుక్ (పక్క నుంచి వేసే గుద్దు) కనబడదు. అతను ఒళ్లంతా తిప్పి చూడాలి. ఆ ఆలస్యాన్ని ఎదుటివాడు రెండో రౌండ్‌కే కనిపెడతాడు. బాధతో బతికినవాళ్లు చదువుతారు, వాళ్లకు తప్పు చెప్పకూడదు.

ఎముకలు చెప్పే సాక్ష్యం గురించి ఇంకొక్క మాట. 1993లో ఎఫెసస్‌లో బయటపడ్డ గ్లాడియేటర్ల శ్మశానంలో ఎముకలను పరీక్షిస్తే స్ట్రాన్షియం మామూలు జనం కంటే ఎక్కువ ఉంది. వాళ్లు మొక్కల బూడిద కలిపిన పానీయం తాగేవారన్న పాత రాతలతో అది సరిపోయింది. ఏం తిన్నారో, ఏం తాగారో ఒళ్లు దాచిపెట్టుకుంటుంది. మీ కథలో డాక్టర్ పాత్ర ఉత్తగా నిలబడి ఉంది. ఈ పని ఆమెకు అప్పజెప్పండి. జీతమిచ్చేది కంపెనీ, నాడి పట్టేది ఫైటర్ది. ఎవరి మాట వినాలో రోజూ తేల్చుకోవాల్సిన మనిషి ఆమే.

రెండు వైపుల మనుషుల గురించి. కోవర్టు, అంటే లోపలే ఉండి అవతలివాళ్లకు పనిచేసేవాడు, అనే మాట మన దగ్గర పల్లెల్లో కూడా తెలుసు. నల్లమల అంచున, దేవరకొండ, అచ్చంపేట వైపు ఒక తరం ఆ మాట వింటూ పెరిగింది. అందుకే మీ కథలో ద్రోహిని చివర్లో బయటపెట్టి ఆశ్చర్యపరచాలని చూడకండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఊర్లో జనం పట్టేస్తారు. ఎవరింటికి కొత్త రేకులు వచ్చాయి, ఎవరి బాకీ చప్పుడు లేకుండా తీరింది అని చూస్తారు. నాలుగో భాగంలోనే పాఠకుడికి ద్రోహి ఎవరో చెప్పేయండి. అతను నర్సింహతో ఒకే కంచంలో తినడం ఆ తర్వాత ఆరు భాగాలు చూపించండి. ఉప్పు తిన్న విశ్వాసం, పైసలు తిన్న భయం రెండూ ఒకే ముద్దలో ఉండాలి.

పాత చరిత్ర కావాలంటే మీ దగ్గర్లోనే ఉంది. నకిరేకల్ పక్కన చందుపట్లలో 1289 నాటి శాసనం, రాణి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు మరణించిన సంగతిని చెప్తుంది. వేయించింది రాజు కాదు, పువ్వుల ముమ్మడి అనే చిన్న సేవకుడు. ఆమె మీద తిరగబడిన అంబదేవుడు బయటివాడు కాదు, అతని అన్నలు కాకతీయులకే సామంతులుగా పనిచేశారు. తిరుగుబాటు సామంతుడిది, సాక్ష్యం సేవకుడిది. ఈ కొలతను 2090కు తీసుకుపోవచ్చు: మీ కథలో నిజాన్ని చివరికి రాతి మీదనో మరెక్కడనో ఎక్కించేది చైర్మన్ కాదు, నర్సింహ కూడా కాదు, పట్టీలు కట్టే మనిషి.

బరి ఎక్కడ పెట్టాలని అడిగారు. సాగర్‌లో మునిగిన నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల విజయపురి ఉండేది. అక్కడ నాలుగు దిక్కులా మెట్లున్న బరిని తవ్వకాల్లో కనుక్కున్నారు. మునిగిపోయే కట్టడాల్లో కొన్నిటిని ఎత్తి అవతలి ఒడ్డున అనుపులో మళ్లీ కట్టారు. గుండ్రటి రోమన్ కొలోసియం బొమ్మ మీ కథకు వద్దు. చతురస్రపు బరి కట్టండి. నాలుగు మూలలుంటాయి కాబట్టి ఫైటర్‌ను మూలకు నెట్టే ఎత్తులు రాయడానికీ వీలు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. ప్రతి భాగం మొదట్లో ఆ రోజు మట్టం ఒక్క అంకెగా వేయండి: 574, 561, 548. వేరే గడియారం అక్కర్లేదు. 510 దగ్గరికి వస్తుంటే కాల్వలకు నీళ్లు పోవని మన పాఠకుడికి చెప్పనక్కర్లేదు, తానే భయపడతాడు.

చట్టం సంగతి త్వరగా. తెలంగాణలో పందేల మీద నిషేధం ఉంది, 2017 సవరణతో ఆన్‌లైన్ పందేలు కూడా అందులోకి వచ్చాయి. 2090లో బరి బాహాటంగా నడుస్తోందంటే చట్టాన్ని ఎవరో మార్చారన్నమాట. ఎవరు, ఏం ఇచ్చి మార్పించారు అన్నది రెండు వాక్యాల్లో చెప్తే చాలు.

ఇక మాటలు. మీ ఫైటర్లు టీవీ వార్తల భాషలో మాట్లాడుతున్నారు. "నేను నీకు ద్రోహం చేయలేను" అని నల్గొండ మనిషి అనడు. ఆ సన్నివేశాన్ని ఇట్లా చూడండి. పోటీకి ముందు గది. అంజమ్మ నర్సింహ చేతికి పట్టీ చుడుతోంది. క్లిప్పు బిగించాల్సింది ఆమే, ఆమె బాకీ మేస్త్రీ దగ్గర ఉంది.

"గట్టిగ కట్టక్క, పోయినసారి ఒదులైంది."

"కడ్తున్న గదరా."

"ఏమైందే, చెయ్యి వణుకుతుంది?"

"ఏం లేదు. పొద్దుగాల్నుంచి తిన్లే."

ఆమె పట్టీ చివర అతికించి, వెనక్కి తిరిగి, నడుము దగ్గర క్లిప్పు పట్టుకుంది. తిప్పలేదు. వేలు అక్కడే పెట్టి నిలబడింది.

"అయ్యిందా అక్కా?"

ఇక్కడ ఆపేయండి, భాగం ముగించండి. ఆమె ఏం చేసిందో ఏడో రౌండ్‌లో తెలుస్తుంది.

తిరగరాసే క్రమం: పదింటినీ ఒకేసారి ముట్టుకోకండి. మొదట బాకీల పట్టీ, రెండు రోజులు పట్టినా సరే. తర్వాత మూడో భాగం తీసుకొని చైర్మన్ మాటలన్నీ కొట్టేసి మేస్త్రీని తీసుకురండి. ఆ తర్వాత ఆరో భాగంలో ఫైలు దొరికే సన్నివేశం స్థానంలో గొట్టం మీది గీత. పళ్ల చారల సన్నివేశం ఎనిమిదిలో బాగా కూర్చుంటుంది, కానీ దానికి విత్తనం రెండులోనే వేయాలి: నర్సింహ ఫొటోల్లో నోరు మూసుకొనే నవ్వుతాడని ఒక్క వాక్యం. ఈ నాలుగూ అయ్యాక రెండో భాగం, ఆరో భాగం ఇక్కడ పెట్టండి, కొట్లాట లెక్కలు సరిపోయాయో లేదో చూసి చెప్తాను.